రెండో చరణం

పెళ్లి బ్యాండు వాడికి ఏ పాటా పూర్తిగా రాదు. ఎవడైనా వస్తుందంటే వాడు అబద్ధమైనా ఆడుతూ ఉండాలి, బ్యాండు వాడు కాకుండా అయినా ఉండాలి. నేను బోయిగూడలో ఇరవై తొమ్మిదేళ్లుగా క్లారినెట్ ఊదుతున్నాను, పదకొండేళ్లుగా మా బ్యాండుకి మాస్టర్ని. బరాత్‌లో పల్లవి ఎత్తుకుంటాం. మొదటి చరణం సగంలో ఉండగానే పెళ్లికొడుకు మేనమామ చెయ్యి ఊపి వేరే పాట అంటాడు. అది అందుకునేలోపు బావమరిదికి ఇంకోటి కావాలి. ఫంక్షన్ హాలు గేటు దగ్గర హారతి పళ్లెం కనబడగానే నేను చెయ్యి పైకెత్తుతాను, పద్నాలుగు మందీ ఒక్కసారిగా ఆపేస్తారు. పాట ఎక్కడుంటే అక్కడే తెగిపోతుంది. రెండో చరణం నేర్చుకోవడానికి మాకు తీరికా లేదు, వాయించమని అడిగిన పాపాన పోయినవాడూ లేడు.

ఇదొక లోటని నాకు ఎన్నడూ అనిపించలేదు. మొన్నటి ఎండాకాలం నా పెళ్లాం ఎల్లమ్మ అడిగేదాకా నేను దాని గురించి ఆలోచించను కూడా లేదు.

ఎల్లమ్మకి మాఘమాసంలో కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని నెల రోజులు సోడా తాగించాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. స్కానింగులన్నీ అయ్యాక పెద్ద డాక్టరు నన్నూ, నా కూతురు వసుధనీ లోపలికి పిలిచాడు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని, నొప్పికి మాత్రం మందులిస్తామని, వానలు పడేదాకా ఉంటే గొప్పేనని చెప్పాడు. ఆ మాట ఎల్లమ్మకి చెప్పకూడదని మేమిద్దరం వరండాలోనే ఒట్టు పెట్టుకున్నాం. ఆమె బయట బల్ల మీద కూర్చుని మా ముఖాలు చూసింది. తిరిగి వస్తుంటే దారిలో ఆటో ఆపించి, అప్పుడప్పుడే వస్తున్న మామిడికాయలు కొంది. ఇంకా ముదరలేదు కదా, ఇప్పుడెందుకే అంటే, ఈ ఏడు తొక్కు జల్దీ పెడతానంది. ఒట్టు పెట్టుకున్న మేమిద్దరం ఆటోలో ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

బోయిగూడలో మా ఇల్లు మూడో అంతస్తు, మెట్లు ఇరుకు. అందుకని ఉగాది కాగానే వసుధ తల్లిని కాప్రాలో తన అద్దె ఇంటికి తీసుకుపోయింది. అది కింది పోర్షన్, కాప్రా చెరువుకి రెండు గల్లీల దూరం. పెళ్లి ఉన్న రోజు నేను బోయిగూడలో, లేని రోజు కాప్రాలో. అట్లా తిరుగుతూ ఉన్నాను.

ఆ ఎండాకాలం చెరువు గట్టు మీద కాలనీల వాళ్లంతా కలిసి ఆదివారం సాయంత్రాలు పాటల కార్యక్రమం పెట్టారు. ఏప్రిల్ మొదటి వారం నుంచి ఎనిమిది ఆదివారాలు. టికెట్టు లేదు, పాసు లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఐదున్నరకి మొదలు, ఎనిమిదికి మైకు బంద్. చెరువంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. సగం గుర్రపుడెక్క, ఒక మూల మురికి కంపు, దోమలకైతే లెక్కే లేదు. అయినా పొద్దు వాలేసరికి నీళ్ల మీద నుంచి చల్లటి గాలి వస్తుంది, కొంగలు వచ్చి దిగుతాయి, జనం మక్క కంకులు కొరుక్కుంటూ తిరుగుతారు. ఎల్లమ్మ పోదామంది. ఊరికే వచ్చే పాటలో ఏముంటుందని నేను సణిగాను. వసుధ నా మాట చెవిన వేసుకోకుండా తల్లికి చెప్పులు తొడిగింది.

మొదటి ఆదివారం ఒక టీచరమ్మ వయొలిన్ వాయించింది. తర్వాత కాలేజీ ఆడపిల్లలు ముగ్గురు పాడారు. ఆ తర్వాత మల్కాజ్‌గిరి నుంచి వచ్చిన రిచర్డ్ అనే రిటైర్డ్ రైల్వే ఆయన గిటారు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీల్లో మనుషులు నోరు మెదపకుండా వింటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇరవై తొమ్మిదేళ్లలో నా పాటని ఒక్కడు కూర్చుని విన్నది లేదు. వెనక జనరేటర్ మోత, ముందు తాగి ఊగేవాళ్లు, అదీ మా కచేరీ.

ఎల్లమ్మ కడుపు మీద దిండు పెట్టుకుని తల వంచుకుని వింటోంది. రిచర్డ్ పాట అయిపోయి చప్పట్లు కొడుతుంటే నా వైపు తిరిగింది.

“ఏమయ్యా, వీళ్లు పాట ఆఖరి దాంక వాయిస్తున్రు.”

“పని లేనోళ్లు. వాయిస్తరు.”

“నువ్వెన్నడన్న గట్ల వాయించినవా?”

లేదన్నాను. అసలు నా పాటే తాను వినలేదంది. ఒక్కటి సుత వినలేదంది. నేను నవ్వబోయాను, కానీ లెక్క చూసుకుంటే నిజమే. క్లారినెట్ ఎప్పుడూ బ్యాండు దుకాణంలోనే ఉంటుంది. పెళ్లి లేకుండా ఇంట్లో ఊదితే అరిష్టమని మా అమ్మ బతికున్నన్నాళ్లూ తేనివ్వలేదు, ఆమె పోయాక నేను తేలేదు. మా పెళ్లిలో మా బ్యాండే వాయించింది, కానీ ఆ రోజు నేను గుర్రం మీద కూర్చుని ఉన్నాను. ఒకసారి మా బరాత్ బోయిగూడ రోడ్డు మీదుగా పోతోందని తెలిసి ఎల్లమ్మ కొంగు నెత్తిన వేసుకుని వచ్చి నిలబడిందట. లైట్లు మోసేవాళ్లు పక్కకి జరగమని నెట్టారట. మళ్లీ తొంగిచూసేసరికి నేను దాటిపోయానట. ఈ సంగతి ఇన్నేళ్లలో నాకు చెప్పనే లేదు.

“నాకొక్క పాట వాయించు. ఆఖరి దాంక. నేను కుర్చీల కూసోని వింట,” అంది.

నా నోటికి ఇన్నేళ్ల అలవాటు. చీర అడిగినా, వేములవాడ పోదామన్నా, గోడకి సున్నం అన్నా ఒకటే జవాబు. అదే వచ్చేసింది.

“సీజన్ అయిపోనీ.”

వసుధ నా వైపు చూసిన చూపుకి భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఎల్లమ్మ మాత్రం కోపం తెచ్చుకోలేదు. నీళ్ల వైపు తిరిగి, “అయిపోతది తియ్యి,” అంది.

నేను లేచి నేరుగా స్టేజీ పక్కకి పోయాను. అక్కడ సత్యదేవ్ గారని, ఈ కార్యక్రమానికి పెద్ద, చేతిలో అట్ట మీద పేర్ల కాగితం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఇంజినీరు. నేను ఎవరో ఏమిటో చెప్పాను. ఆయన కాగితం తిరగేసి, “ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలండీ. ఏడో ఆదివారం ఏడు గంటలకి ఖాళీ ఉంది, రాసేయమంటారా పర్వతాలు గారూ?” అన్నాడు. ఆ రోజు పెద్ద ముహూర్తం. నగరంలో కుక్కకి కూడా బ్యాండు దొరకని రోజు. రాసేయమన్నాను. మా దుకాణం ఓనరు హరికిషన్‌కి చెబితే, పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు సీజన్ నడుమ ఈ చెరువు గోలేమిటని ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత ఎల్లమ్మ ఎట్లా ఉందని అడిగి, రెండో క్లారినెట్ వాణ్ణి ముందు నడిపిస్తాలే అన్నాడు.

ఏ పాట వాయించాలో ఎల్లమ్మే చెప్పింది. ఏ పాటని మీరు అడగకండి. మీ అందరికీ తెలిసిన పాత సినిమా పాటే, కానీ అది మా ఇద్దరి మధ్య ఉండనివ్వండి. నేను దాన్ని తక్కువలో తక్కువ వెయ్యి బరాత్‌లలో ఊది ఉంటాను. ఇదెంత పని అనుకుని, మరుసటి రోజే క్లారినెట్ తెచ్చి వసుధ ఇంటి వెనక, బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. ఎల్లమ్మ గడపకి ఆనుకుని కూర్చుంది. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. అంతే, వేళ్లు వాటంతటవే మళ్లీ పల్లవికి పోయాయి.

“ఏందీ, మళ్ల మొదటికే వస్తివి?”

“తర్వాత ఏముంటదే?”

ఎల్లమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని, నొప్పికి ముఖం చిట్లిస్తూ, అయినా ఆపుకోలేక నవ్వింది. వెయ్యి పెళ్లిళ్లు చేసిన మాస్టర్‌వి, నీకు రెండో చరణం రాదా అని వసుధని కూడా పిలిచి చెప్పింది. ఎల్లమ్మకి మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ముప్ఫై ఏళ్లు రేడియో పెట్టుకుని జాకెట్లు కుట్టిన మనిషి.

అట్లా మా బడి మొదలైంది. పెళ్లి లేని పొద్దుటిపూట ఆమె ఒక్కో లైను సన్నగా తీసేది, నేను పట్టుకునేవాణ్ణి. రెండు లైన్లకే ఆయాసం వచ్చి దిండు నొక్కుకునేది. వద్దులే అంటే తిట్టేది. ఎంత కచ్చితం అనుకున్నారు! నేను అలవాటుగా గట్టిగా ఊదితే, “గట్ల మొత్తుకోకు, ఇది బరాత్ గాదు,” అనేది. నడుస్తూ ఊదడం తప్ప తెలియని వాణ్ణి, నిలబడితే నా కాళ్లు ఊరుకునేవి కావు. తన పాదం తెచ్చి నా పాదం మీద పెట్టి కూర్చునేది. ఆ పాదం అప్పటికే ఎముకలు తేలి ఉంది. నేను క్లారినెట్ మూతి దగ్గరి రీడు సరిచేసుకుంటున్నట్టు తల వంచుకునేవాణ్ణి.

అన్నిటికంటే కష్టం ఆఖరు. రెండో చరణం తర్వాత పల్లవి ఒక్కసారి వచ్చి, అక్కడి నుంచి నాలుగు లైన్లు కిందికి దిగి పాట ఆగిపోతుంది. నాకు ఆపడం అంటే చెయ్యి ఎత్తి తెంపడమే. ఎల్లమ్మ, పొయ్యి మీది పాల గిన్నె దించినట్టు మెల్లగా దించాలని పదిసార్లు చెప్పింది. ఆరో ఆదివారం దాటాక ఒక పొద్దున అది కుదిరింది. కానీ ఆ పొద్దున ఎల్లమ్మ గడప దగ్గర లేదు, లోపల వాంతులు చేసుకుంటోంది. మళ్లీ వాయించబోతే వసుధ ద్వారంలోకి వచ్చి వద్దని చెయ్యి ఊపింది. బయటికి వచ్చాక ఎల్లమ్మ, ఇప్పుడు నాకు వినిపించకు, చెరువు కాడనే వింటానంది.

ఆ వారమంతా ఆమెకి కంటి మీద కునుకు లేదు. మందు మోతాదు పెంచినా లాభం లేకపోయింది. పడుకుంటే నొప్పి, లేస్తే నొప్పి. గోడకి ఆనుకుని కూర్చుని ఉండేది. వసుధ నూనె రాసేది, నేను విసనకర్ర ఊపేవాణ్ణి. ఒక్క గంట నిద్ర పట్టించు తల్లీ అని నేను మొక్కని దేవత లేదు.

ఏడో ఆదివారం అల్లుడు తిరుమల్ ఎల్లమ్మని చేతుల మీద ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. వద్దులే, ఇంకోరోజు చూద్దామని నేనంటే అందరికంటే ముందు ఎల్లమ్మే కళ్లెర్ర చేసింది. బ్యాండు ఎర్ర కోటు తొడుక్కోకని ముందే చెప్పింది, తెల్ల చొక్కా వేసుకున్నాను. ఆమెని మొదటి వరసలో కూర్చోబెట్టి, వెనక ఒక దిండు, కడుపు మీద ఒక దిండు పెట్టాం. ఆకాశం మబ్బు పట్టి గాలి బాగా వీస్తోంది. సరిగ్గా ఏడింటికి సత్యదేవ్ గారు మైకులో “క్లారినెట్ విద్వాంసులు పర్వతాలు గారు” అన్నాడు. మైకులో నా పేరు పక్కన గారు అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. ఎల్లమ్మ వసుధ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది.

నిలబడ్డాను. కాళ్లు కదల్లేదు. పల్లవి ఎత్తుకున్నాను, నీళ్ల మీద గాలికి శబ్దం దూరం పోతున్నట్టు నాకే తెలిసింది. ఎవరూ ఎగరలేదు, ఎవరూ వేరే పాట అనలేదు. ఎల్లమ్మ కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తోంది. మొదటి చరణం అయింది. పల్లవికి వచ్చాను. రెండో చరణం మొదలుపెట్టి, ఇప్పుడు చూడు అన్నట్టు ఆమె వైపు చూశాను.

వేలు ఆగిపోయి ఉంది. తల దిండు మీదికి ఒరిగింది.

ఊదుతూనే ఆమె కొంగు వైపు చూశాను. కొంగు లేస్తోంది, దిగుతోంది. వసుధ తల్లి ముఖం దగ్గరికి వంగి చూసి, నా వైపు తిరిగింది. చెంపకి అరచెయ్యి ఆనించి నిద్రపోయిందని సైగ చేసింది. దాని కళ్ల నిండా నీళ్లు.

రెండో చరణం ఆమె నేర్పినట్టే వచ్చింది. పల్లవి వచ్చింది. ఇక నాలుగు లైన్లు దించాలి. దించితే పాట ఆగుతుంది, ఆగితే చప్పట్లు కొడతారు, చప్పట్లు కొడితే ఎల్లమ్మ లేస్తుంది. లేస్తే మళ్లీ ఆ నొప్పి. నేను దించలేదు. మళ్లీ మొదటికి పోయి, ఈసారి ఇంకొంచెం మెల్లగా పల్లవి ఎత్తుకున్నాను.

రెండోసారి అయింది, మూడోసారి ఎత్తుకున్నాను. ఎనిమిది నిమిషాలు దాటగానే సత్యదేవ్ గారు స్టేజీ పక్కన నిలబడి గడియారం చూపించాడు. వసుధ లేచి వెళ్లి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన మొదటి వరస వైపు చూసి, వెళ్లి మైకు శబ్దం తగ్గించాడు. నా తర్వాత వాయించాల్సిన రిచర్డ్ గిటారు పెట్టె మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ అంత మంచివాళ్లని చెప్పను. ఇతనికి ఇదొక్కటే వచ్చా అని వెనక నుంచి ఒకాయన అననే అన్నాడు. కొందరు కుర్చీలు జరుపుకుని లేచి వెళ్లిపోయారు. పోనీ అనుకున్నాను. రెండు గంటల బరాత్ ఊదేవాడికి ఇదేం లెక్క? పెదవి మంట పుట్టింది, అయినా ఆపలేదు. ఎల్లమ్మ నోరు కొంచెం తెరుచుకుని, నుదుటి మీద ముడతలు విడిపోయి, వారం తర్వాత నిద్రపోతోంది. నలభై నిమిషాలు నిద్రపోయింది.

అప్పుడు వాన చినుకులు పడ్డాయి. పెద్దవి. జనం లేచి ఉరికారు, ఎవరో కుర్చీ పడేశారు, ఒక చినుకు ఎల్లమ్మ చెంప మీద పడింది. కళ్లు తెరిచింది. నేను పల్లవి నడుమ క్లారినెట్ దించి ఆమె దగ్గరికి పోయాను.

“అయిపాయెనా?” అంది.

“అయిపోయింది.”

“ఆఖరు వాయించినవా?”

వాయించలేదు, నీ నిద్ర చెడుతుందని ఆఖరు దాకా పోలేదని చెప్పొచ్చు. చెబితే తన నిద్ర వల్లే పాట పాడైందని కుమిలిపోతుంది. అప్పుడు నాకు తోచింది అంతే.

“వాయించిన,” అన్నాను.

ఎల్లమ్మ ముఖం పసిపిల్ల ముఖంలా అయిపోయింది. పక్కనున్న వసుధని భుజం మీద కొట్టింది, చేతిలో బలం లేదు గాని కొట్టింది. “ఎందుకు లేపలేదే? నెల దినాల సంది కూసోని నేర్పిన. ఎందుకు లేపలే?” అని ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని మనిషి, నొప్పికి ఏడవని మనిషి, వానలో కూర్చుని ఏడ్చింది. తిరుమల్ ఆమె మీద గొడుగు పట్టాడు. ఇప్పుడు నిజం చెబితే ఇంకా ఏడుస్తుందని, నేను తడుస్తున్న దిండ్లు ఏరుకున్నాను.

ఆ వారం చూడ్డానికి చుట్టాలు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్లకీ ఎల్లమ్మ అదే చెప్పింది. మా ఆయన చెరువు కాడ పాట మొత్తం వాయించిండు, నేనే మొద్దునిద్ర పోయిన అని తన మీద తానే నవ్వుకుంటూ చెప్పింది. హరికిషన్ వస్తే, మీ మాస్టర్‌కు రెండో చరణం వచ్చింది ఎరుకేనా అంది. నేను పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. అందరూ నన్ను మెచ్చుకోలుగా చూస్తుంటే ఎక్కడ చూడాలో తెలియక కిటికీలోంచి బయటికి చూశాను.

ఎనిమిదో ఆదివారం చెరువు దగ్గరికి ఆమె రాలేదు, లేచి కూర్చునే శక్తి లేదు. మైకు చప్పుడు మాత్రం లీలగా వినిపిస్తోంది. నేను క్లారినెట్ తీసి మంచం పక్కన కూర్చున్నాను, ఇప్పుడైనా వాయిస్తాను విను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. శబ్దమైతే తల పగిలిపోతోందని, ఇంట్లో గిన్నె చప్పుడు కూడా ఓర్చుకోలేకపోతున్నానని చెప్పింది. “ఒక్కపారి వాయించినవ్ గద. సాలు,” అంది. నేను క్లారినెట్ పెట్టెలో పెట్టేశాను.

మంగళవారం మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకుని వసుధని దగ్గరికి పిలిచింది. గొంతు బాగా తగ్గిపోయింది.

“ఆఖరు ఎట్లొచ్చిందే? నిజం చెప్పు. తెంపిండా?”

అది నా బిడ్డ. ఆ రోజు ఏం జరిగిందో నాకెంత తెలుసో దానికీ అంతే తెలుసు. నేను కళ్లు మూసుకుని గోడ వైపు పడుకుని ఉన్నాను.

“తెంపలేదమ్మ. మెల్లగ దించిండు. నువ్వు చెప్పినట్టే,” అంది.

“నాకెరుకే,” అంది ఎల్లమ్మ. మంచిగ నేర్పిన గద అని మళ్లీ అంది.

గురువారం పొద్దున పోయింది. ఆ నాలుగు లైన్లు నేను ఇంతవరకూ ఎవరి ముందూ వాయించలేదు.